తుపాను వేళ నేవీ, ఎన్డీఆర్‌ఎఫ్, స్వచ్ఛంద సంస్థల సమన్వయం: శ్రీకాకుళంలో జిల్లా డెస్క్ ఎలా నడపాలి?

ప్రశ్న: బారువ_ఒడ్డు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలం కొన్ని కలిసి ఈ అక్టోబర్–డిసెంబర్ తుపాన్ల కాలానికి ఒక ఉమ్మడి డెస్క్ పెడుతున్నాం. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌లో ఒక బల్ల ఇస్తామన్నారు. సంస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మాకు అలవాటే. నేవీ, కోస్ట్ గార్డ్, ఆర్మీ, ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లు దిగినప్పుడు వాళ్లతో పని ఎలా నడపాలన్నదే తేలడం లేదు.

నా సందేహాలు ఇవి. పడవ, హెలికాప్టర్ కావాలంటే మేం నేరుగా అడగొచ్చా, ఎవరి ద్వారా వెళ్లాలి? అడిగేటప్పుడు ఏం రాయాలి? జవాన్ల చేత బియ్యం, దుప్పట్లు పంచిస్తే తప్పేమైనా ఉందా? మా సంస్థల్లోనే దీని మీద రెండు మాటలున్నాయి. సీతంపేట వైపు కొండ ఊళ్లకు కూడా ఇదే పద్ధతి చెల్లుతుందా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1: నాగావళి_గట్టు

మొదటి సందేహానికి జవాబు: నేరుగా అడగకండి. సంస్థ పేరు మీద విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు ఉత్తరం రాసినా, తెలిసిన ఆఫీసరుకు ఫోన్ చేసినా అది అధికారిక విన్నపం కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. విన్నపం ఆయన సంతకంతో రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు వెళ్తుంది, అక్కడి నుంచి కేంద్రానికి, సంబంధిత దళానికి. ప్రాణం మీదికొచ్చినప్పుడు కలెక్టర్ దగ్గర్లోని దళాధికారిని నేరుగా పిలవొచ్చు, కాగితం వెనక నుంచి వస్తుంది. ఆ పిలుపు కూడా కలెక్టర్ నోటి నుంచే వెళ్లాలి. హెలికాప్టర్ గంటల బిల్లు తర్వాత ప్రభుత్వానికి వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ సంతకం లేకుండా ఎవరూ ముందుకు కదలరు.

సముద్రంలో చిక్కుకున్న మత్స్యకారుల విషయం వేరు. అక్కడ కోస్ట్ గార్డ్ 1554కి ఎవరైనా నేరుగా ఫోన్ చేయొచ్చు. చేశాక జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి కూడా చెప్పండి. లేకపోతే ఒకే పడవ కోసం రెండు చోట్ల వెతుకులాట మొదలవుతుంది.

ఇంకోటి. ఎన్డీఆర్‌ఎఫ్‌ను సైన్యంతో కలిపి చూడకండి. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ లాంటి బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన మనుషులే అయినా అది హోంశాఖ కింద, విపత్తుల కోసమే పుట్టిన దళం. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ముందుగానే దిగుతుంది. మన జిల్లాలో 10వ బెటాలియన్ వాళ్లను చూస్తాం. చెట్లు కోయడం, పడవల్లో జనాన్ని తేవడం వీళ్ల నిత్యకృత్యం. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి: ముందు మండల స్థాయి యంత్రాంగం, అగ్నిమాపక శాఖ, ఎస్డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం), తర్వాత ఎన్డీఆర్‌ఎఫ్, వీళ్లెవరి దగ్గరా లేని సామర్థ్యం కావాల్సి వచ్చినప్పుడు నేవీ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్. విన్నపంలో "స్థానికంగా ఏం ప్రయత్నించాం, ఎందుకు కుదరలేదు" అనే గడి తప్పనిసరిగా పెట్టండి. అది ఖాళీగా ఉన్న కాగితం వెనక్కి వస్తుంది, రావాలి కూడా.

మీ డెస్క్ చేయాల్సిన అసలు పని, ఊరి అవసరాన్ని దళం అమలు చేయగలిగే వాక్యంగా మార్చడం. "హెలికాప్టర్ పంపండి" అంటే అది అవసరం చెప్పడం కాదు, సాధనం అడగడం. అవసరం రాయండి, ఏ సాధనంతో తీర్చాలో వాళ్లు తేల్చుకుంటారు. నమూనాకు ఒకటి:

"విన్నపం 7. తేదీ, సమయం. ఫలానా ఊరు, వజ్రపుకొత్తూరు మండలం, హైస్కూలు ఆవరణ. 140 మంది, అందులో నడవలేని వృద్ధులు 11, గర్భిణులు 3. రోడ్డు రెండు చోట్ల తెగింది, ట్రాక్టర్ వెళ్లదు. ఎన్డీఆర్‌ఎఫ్ పడవ పొద్దున ప్రయత్నించింది, ప్రవాహం ఎక్కువై వెనక్కి వచ్చింది. రేపు మధ్యాహ్నం 12 లోగా 14 మందిని పలాస ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఉండేది వీఆర్వో, ఫోన్లు రెండు (వేర్వేరు నెట్‌వర్క్‌లు). అవతల దింపుకునేది 108 సిబ్బంది."

మండలం పేరు ఎప్పుడూ వదలకండి. "కొత్తూరు" అని మాత్రమే రాస్తే అది హిరమండలం పక్కన వంశధార దగ్గరి కొత్తూరో, తీరం మీది వజ్రపుకొత్తూరో బయటివాళ్లకు తెలియదు. ఒకటి ఎగువన నది పక్కన, ఇంకోటి సముద్రం ఒడ్డున. విజయనగరం వైపు కొత్తవలసలతోనూ ఇదే గొడవ.

ప్రతి విన్నపానికీ వరుస నంబరు, పక్కన నాలుగు గడులు: అందింది, ఒప్పుకున్నారు, బయలుదేరింది, పూర్తయింది. పూర్తయిందన్న గడి నింపాల్సింది దళం కాదు, ఊళ్లో అందుకున్న మనిషి. ఈ ఒక్క అలవాటు లేక ఒకే ఊరికి మూడు సంస్థలు మూడు విన్నపాలు పెట్టడం, దళం ఒకటే చోటికి రెండుసార్లు వెళ్లడం జరుగుతుంటాయి.

జవాబు 2: గాలివాటం

పైన చెప్పినదానికి ఆకాశం, నీళ్ల సంగతులు కలుపుతాను.

తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140–150 కిలోమీటర్లు, మధ్యమధ్యలో విసురు 165 దాకా. అలాంటి గాలి పూర్తిగా తగ్గి, మబ్బు పైకి లేచేదాకా ఏ హెలికాప్టరూ ఎగరదు. ఎగిరినా మొదటి సార్టీ (ఒక విడత ఎగరడం) చూడటానికే, సరుకు మోయడానికి కాదు. అక్టోబర్‌లో సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడిపోతుంది. కాబట్టి రేపటి విన్నపాలు ఈ సాయంత్రమే ఖరారు కావాలి. పొద్దున తొమ్మిదింటికి ఇచ్చేది మధ్యాహ్నం దాటాకే కదులుతుంది.

లొకేషన్ ఒకే పద్ధతిలో రాయండి, దశాంశ డిగ్రీలే వాడండి. పలాస దగ్గరి ఒక చోటు అక్షాంశం 18.7646 అనుకుందాం. అదే డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో 18–45–52. తొందరలో ఎవరో దాన్ని 18.4552 అని టైప్ చేశారనుకోండి, అవతలివాళ్లు దశాంశంగా తీసుకుంటే చోటు 34 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. మన తీరం నైరుతికి వాలి ఉంటుంది కాబట్టి ఆ పాయింటు సముద్రంలో పడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్ పిన్‌ను అలాగే ఫార్వర్డ్ చేయకండి, అంకెలు తీసి విన్నపంలో రాసి ఫోన్‌లో ఒకసారి చదివి వినిపించండి. ఆర్మీ వాళ్లు మ్యాప్ గ్రిడ్ నంబరు అడుగుతారు. అది మీరు లెక్కగట్టొద్దు, దశాంశ డిగ్రీలిస్తే వాళ్లే మార్చుకుంటారు.

దిగే చోటు. హెలికాప్టర్లలో చిన్నదైన చేతక్ రోటర్ (పైన తిరిగే రెక్కలు) వ్యాసం 11 మీటర్లు, ఏఎల్‌హెచ్ (ధ్రువ్)ది 13.2, ఎంఐ–17ది 21 పైనే. పెద్దది వస్తుందన్న లెక్కతో కనీసం 50 మీటర్లు × 50 మీటర్లు చదును, గట్టి నేల చూడండి. చివరి మాట పైలట్‌దే. జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండ్లు సాధారణంగా సరిపోతాయి. తుపాను తర్వాత అక్కడ ఏముంటాయో ఆలోచించండి: ఎగిరొచ్చిన రేకులు, టార్పాలిన్లు, కొబ్బరి మట్టలు, తెగిన కరెంటు తీగలు. రోటర్ గాలికి ఒక్క రేకు లేచినా ప్రాణాపాయం. నలుగురు వెళ్లి ఏరాలి. సున్నంతో హెచ్ గుర్తు వేసేటప్పుడు పొడి సున్నం చల్లితే పైలట్ కళ్లకు మబ్బు కమ్ముతుంది, తడిపి వేయండి. గాలి దిక్కు తెలిసేలా ఒక పక్క పచ్చి మట్టలతో పొగ చాలు. జనాన్ని తాడు కట్టి దూరంగా ఆపాలి, తోక వైపు ఎవర్నీ పోనివ్వకూడదు. ఒంటి మీది తువ్వాళ్లు, గొడుగులు ముందే తీయించాలి.

హెలికాప్టర్ ఫలానా సమయానికి వస్తుందని వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. పక్క ఊళ్లన్నీ గ్రౌండ్‌లోకి వచ్చేస్తాయి, పైలట్ దిగకుండా వెళ్లిపోతాడు.

ఇక పడవలు. రబ్బరు జెమినీ పడవలో ఎనిమిది, పది మందికి మించి ఎక్కించరు. కాబట్టి 140 మంది అంటే ఎన్ని తిరుగుళ్లో ముందే లెక్క వేసుకోండి. చాలా ఔట్‌బోర్డ్ ఇంజన్లు టూ–స్ట్రోక్, పెట్రోల్‌లో 50:1 పాళ్లలో టూటీ ఆయిల్ కలపాలి, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కరెంటు లేక బంకులు పనిచేయవు, క్యాన్లలో పెట్రోల్ పోయమంటే బంకువాళ్లు ఒప్పుకోరు. తహసీల్దార్ లేఖ, జనరేటర్ ఉన్న బంకు పేరు, టూటీ ఆయిల్ దొరికే కొట్టు ముందే గుర్తించి పెట్టడం సంస్థలు సులువుగా చేయగల సాయం. వరి మళ్ల మీద నీళ్లు నిలిచినప్పుడు కంచె తీగలు, వలలు, పడిన కొబ్బరి మొద్దులు ప్రొపెల్లర్‌కు తగులుతాయి. ప్రతి పడవలో ఆ ఊరి మత్స్యకారుడో రైతో ఒకరుండాలి, ఆయనకూ లైఫ్ జాకెట్ తప్పనిసరి. గట్టు ఎక్కడుందో, ఏ బావి మూత లేకుండా మునిగిందో ఆయనకే తెలుసు.

చెట్ల సంగతి ఒక్క మాట. ఉద్దానంలో దారులు మూసుకునేది ఎక్కువగా కొబ్బరి, జీడి చెట్లతోనే. కొబ్బరి మొద్దు పీచు, దానికంటిన ఇసుక కలిసి కోత మిషన్ గొలుసును త్వరగా మొద్దుబారుస్తాయి. మిషన్లు ఉండీ గొలుసులు, ఆకురాళ్లు లేక పని ఆగడం మామూలే. విరాళం ఇచ్చేవాళ్లు అడిగితే దుప్పట్ల బదులు ఇవి చెప్పండి.

జవాబు 3: మహేంద్రతనయ

జవాన్లు పంచడం గురించి. ఓస్లో మార్గదర్శకాలని అంతర్జాతీయంగా వాడేవి 1994లో వచ్చాయి, 2007 నవంబర్‌లో చివరగా సవరించారు. అవి ప్రధానంగా విదేశీ సైన్యాలు ఇంకో దేశానికి సాయానికి వెళ్లే సందర్భం కోసం రాసినవి. "సైన్యం ఆఖరి మార్గం" అన్న మాట అక్కడిదే. దాన్ని మన జిల్లాకు యథాతథంగా దించి, నేవీ వాళ్లు కనబడితే దూరం జరగాలని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. సొంత దేశపు దళం, యుద్ధం లేని చోట, కలెక్టర్ పిలిస్తే వచ్చింది.

అయితే అందులోని ఒక విభజన మాత్రం మనకు అక్షరాలా పనికొస్తుంది. సాయాన్ని మూడు రకాలుగా చూస్తారు: మనిషి చేతికి అందించడం, సరుకును, సిబ్బందిని ఒక మెట్టు ఇవతల దాకా మోసుకురావడం, రోడ్డు, వంతెన, కరెంటు లాంటివి బాగుచేయడం. దళాల బలం చివరి రెండింటిలో ఉంది. మొదటిది సంస్థలు, గ్రామ సచివాలయ సిబ్బంది చేయాలి. మర్యాద కోసం కాదు, పని చెడకుండా ఉండటానికి. వచ్చిన జవానుకు ఆ ఊళ్లో ఎవరు ఎవరో తెలియదు. లారీ చుట్టూ మూగిన వాళ్లలో ముందున్న చేతికే ఇస్తాడు. ముందుండేవాళ్లు ఒంట్లో బలమున్న మగవాళ్లు. చివరి వీధిలోని ఒంటరి ముసలావిడకు, ఊరికి ఎడంగా ఉన్న పేటకు ఏమీ చేరదు. కాబట్టి దళం లారీ సచివాలయం దగ్గర దించేసి వెళ్లాలి, జాబితా చూసి మీరు పంచాలి. తొలి 24 గంటల్లో పైనుంచి జారవిడవడం తప్ప దారి లేకపోతే అది వేరు, అప్పుడు ఎవరూ సిద్ధాంతం పట్టుకుని కూర్చోరు.

ఆ జాబితా దళానికి ఇవ్వకండి. వాళ్లకు కావాల్సింది సంఖ్య, బరువు, చోటు. పేర్లు, ఆధార్ నంబర్లు, జబ్బుల వివరాలు వాళ్లకు అక్కర్లేదు. రోగిని తరలించాల్సి వస్తే ఆ ఒక్కరి వివరం డాక్టర్ నుంచి డాక్టర్‌కు వెళ్తుంది.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండ ఊళ్లకు లెక్క మారుతుంది (ఇప్పుడవి పార్వతీపురం మన్యం జిల్లా, మీ డెస్క్ అక్కడి కలెక్టరేట్‌తోనూ మాట్లాడాలి). ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల్లో మావోయిస్టుల కోసం ఏళ్లపాటు గాలింపు బలగాలు తిరిగిన చరిత్ర ఉంది. యూనిఫారం, తుపాకీ ఉన్న బండిలో మీ నర్సు దిగితే, తర్వాత ఆవిడ ఒంటరిగా వెళ్లినా ఊరు నోరు విప్పదు. అక్కడ బళ్లు వేరు, వేళలు వేరు, మీ సిబ్బంది బస వేరు పెట్టుకోండి. మాట్లాడుకోవడం మాత్రం ఆపొద్దు: మీ బండి ఏ దారిన ఎన్నింటికి వెళ్తుందో కంట్రోల్ రూమ్‌కు తెలియాలి. బలగాల కదలికల గురించి ఊళ్లో వాళ్లు ఏమన్నా చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి. ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ ఆ సమాచారం మోసే సంస్థ అక్కడ పనిచేయలేదు.

భాష మరిచిపోకండి. దళాలది హిందీ. ఇచ్ఛాపురం దగ్గర ఒడియా కూడా కావాలి, కొండల్లో సవర. దళంలో ప్రతి బృందానికీ ఒక స్థానికుణ్ని కలపండి, ఏ పార్టీ జెండా మోసే మనిషీ కాకుండా చూడండి.

బారువ_ఒడ్డు (అడిగినవారు)

ఎంతో ఉపయోగపడే మాటలు, అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. ఉద్దానంలో మా మొదటి భయం తాగునీరు, డయాలసిస్ రోగులు. కరెంటు పోతే రెండూ ఆగిపోతాయి. నీళ్ల ప్యాకెట్లు హెలికాప్టర్‌లో దించమని అడగడం సబబేనా?

జవాబు 4: ఊటబావి

లెక్క చూడండి బాబూ. మనిషికి రోజుకు తాగడానికి 3 లీటర్లయినా కావాలి. వెయ్యిమంది ఊరికి 3,000 లీటర్లు, అంటే 3 టన్నులు. ఎంఐ–17 ఒక సార్టీలో సుమారు అంతే మోస్తుంది. స్ఫియర్ (విపత్తు సాయానికి అంతర్జాతీయ కనీస ప్రమాణాలు) ప్రకారం వంట, శుభ్రతతో కలిపి 15 లీటర్లు అనుకుంటే రోజుకు 15 టన్నులు, ఒక్క ఊరికే ఐదు సార్టీలు. ఏ దళమూ దీన్ని రెండో రోజు కొనసాగించలేదు.

అదే హెలికాప్టర్‌లో ఒక జనరేటర్, డీజిల్, బ్లీచింగ్ పౌడర్ బస్తా వెళ్తే ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకే నిండుతుంది. 5 హార్స్‌పవర్ మోటార్‌కు 15 కేవీఏ జనరేటర్ చూడండి. మోటార్ నడిచేటప్పుడు లాగేది తక్కువే కానీ స్టార్ట్ అయ్యే క్షణంలో చాలా రెట్లు లాగుతుంది, చిన్నది పెడితే ఆగిపోతుంది. పంపిన జనరేటర్లు మూలన పడటానికి ఇంకో కారణం ఫేజ్. మోటార్ త్రీ ఫేజ్, వచ్చింది సింగిల్ ఫేజ్. కాబట్టి ప్రతి పంచాయతీ మోటార్ హార్స్‌పవర్, ఫేజ్, స్టార్టర్ రకం, తీగ ఎంత పొడవు కావాలో సెప్టెంబర్‌లోనే రాసి పెట్టండి. విన్నపంలో అవే రాయాలి. క్లోరిన్ వేశాక అరగంట ఆగి, కుళాయి చివర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య క్లోరిన్ మిగిలి ఉందో లేదో టెస్ట్ కిట్‌తో చూడండి. ట్యాంక్ దగ్గర చూసి సరిపెట్టుకుంటే పైపు పగిలిన చోట మురుగు కలిసింది తెలియదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులతో వచ్చే ఊళ్లలో స్థానిక మోటార్ నడిపినా లాభం ఉండకపోవచ్చు, పంపింగ్ ఆగింది పైనెక్కడో. అక్కడ విద్యుత్ సిబ్బందిని, టవర్ సామగ్రిని మోయడమే దళం చేయగల గొప్ప సాయం.

డయాలసిస్‌కు ఒక్కొక్కరికి ఒక విడతలో సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి (నిమిషానికి 500 మిల్లీలీటర్లు, నాలుగు గంటలు). అది ప్యాకెట్లతో అయ్యే పని కాదు. రోగులు మామూలుగా వారానికి రెండు, మూడుసార్లు చేయించుకుంటారు, కాబట్టి తుపాను దాటాక తరలించే వ్యవధి రెండు రోజులకు మించదు. హెచ్చరిక రాగానే, రోడ్డు తెరిచి ఉండగానే పలాస, సోంపేట, కవిటి కేంద్రాల జాబితాలు పట్టుకుని ఒక విడత ముందుగా చేయించడం, దూరం వాళ్లను కేంద్రం దగ్గరికి తెచ్చి ఉంచడం మీ పని. ఆ తర్వాత కూడా మిగిలిపోయినవారి కోసమే హెలికాప్టర్ విన్నపం రాయండి, అందులో చివరి డయాలసిస్ తేదీ వేయండి. వరుసలో ఎవరు ముందో ఆ తేదీయే చెబుతుంది.

జవాబు 5: నాగావళి_గట్టు

నీళ్ల లెక్క చాలా బాగా చెప్పారు. నడిపే పద్ధతి మీద రెండు మూడు మాటలు మిగిలాయి.

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వంద కిలోమీటర్లు దాటి ఉంది. కలెక్టరేట్ బల్ల ఒక్కటి చాలదు, పలాస ఆర్డీవో ఆఫీసులో ఒక మనిషి ఉండాలి. ఫోన్లు పోతాయి కాబట్టి ఆ మనిషి పోలీసు వైర్‌లెస్ దగ్గర కూర్చునేలా ముందే మాట్లాడుకోండి, లైసెన్సున్న హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) ఆపరేటర్లు దొరికితే ఇంకా మంచిది. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ మన దేశంలో నేరం. బయటి సంస్థలవాళ్లు తెచ్చుకుంటే ముందే చెప్పండి, విమానాశ్రయంలోనే ఇరుక్కుంటారు. డ్రోన్లకూ అంతే, హెలికాప్టర్ తిరిగే రోజు మీ డ్రోన్ గాల్లో ఉండకూడదు.

సాయంత్రం ఒక్క సమావేశం చాలు, అరగంట. దళాల ప్రతినిధి, ఆర్డీవో, విద్యుత్, వైద్యం, మీరు. నిన్నటి విన్నపాల్లో ఏవి పూర్తి కాలేదు, రేపటివి ఏవి, ఏ దారులు తెరిచారు. పొగడ్తలు, ఫొటోలు అక్కడ వద్దు. మీ తరఫున ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరూ పది రోజులు మారకూడదు. దళాల్లో ఆఫీసర్లు మారుతుంటారు, మీ వైపు కూడా మారితే రోజూ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి వైపు పనిచేసే సంస్థలు ఒడిశాలోని గంజాం జిల్లా డెస్క్ నంబరు దగ్గర పెట్టుకోండి. తిత్లీ లాంటి తుపాను రెండు రాష్ట్రాలనూ కొడుతుంది, నేవీ సాయానికి ఇద్దరూ అడిగేది విశాఖనే. పైగా బహుదా, వంశధార నీళ్లు ఒడిశా నుంచే వస్తాయి. గాలి తగ్గిందని పడవల్ని వెనక్కి పంపాక, ఎగువ వానకు వంశధార మీది గొట్టా బ్యారేజీ దగ్గర ప్రవాహం పెరిగితే మళ్లీ పిలవాల్సి వస్తుంది. అందుకే గొట్టా ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెలు సాయంత్రం సమావేశంలో చదవందే "పడవలు అక్కర్లేదు" అన్న మాట మీ నోట రానివ్వొద్దు.

దళం వచ్చిన రోజునే వెళ్లే రోజు అడగండి. వెళ్లడానికి 48 గంటల ముందు, వాళ్లు నడుపుతున్న ప్రతి పనికీ (నీటి శుద్ధి యంత్రం, మెడికల్ క్యాంపు, తాత్కాలిక వంతెన) ఎదురుగా తీసుకునేవారి పేరు రాయండి. మెడికల్ క్యాంపు ఓపీ రిజిస్టర్ నకలు పీహెచ్‌సీకి చేరాలి. లేకపోతే గాయానికి కుట్లు వేయించుకున్నవాళ్లు వారం తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక తిరుగుతారు. జనరేటర్ ఎవరిదో, ఎప్పటికి తిరిగివ్వాలో కాగితం మీద ఉండాలి, సీరియల్ నంబరుతో సహా.